బంతి విరగ్గొట్టని వేళ్లు

సౌదీలోని హుఫూఫ్‌లో ఖర్జూర తోటల అంచున పనివాళ్లు శుక్రవారాలు ఆడుకునే మట్టి గ్రౌండు ఒకటుంది. అక్కడ ఒక కథ చెప్పేవాళ్లు. తెలంగాణ నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఒకడుండేవాడట, చేతికి అందిన బంతిని వదిలేవాడే కాదట. గొప్పకు పోయి ప్రాక్టీసులో రాళ్లున్న వైపు దూకి వేళ్లు విరగ్గొట్టుకున్నాడట. కంపెనీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేసిందట. జట్టులో కొత్తగా చేరిన వాళ్లకు జాగ్రత్త చెప్పడానికి ఈ కథ వాడేవాళ్లు.

కథలో మొదటి ముక్క నిజం. చివరి ముక్కా నిజం. మధ్యలోదే అబద్ధం. ఆ వేళ్లు బంతి వల్ల విరగలేదు. నేను అటు చూడకుండా విసిరిన ఇటుక వల్ల విరిగాయి. చెప్పాల్సిన రోజున ఈ మాట నేను చెప్పలేదు. తర్వాత చెప్పడానికి ఎన్నో శుక్రవారాలు దొరికాయి. అప్పుడూ చెప్పలేదు.

ఆయన నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మాది జగిత్యాల పక్కన పల్లెటూరు, ఆయనది బొగ్గుబాయిల వైపు. వాళ్ల నాయన బాయిలో దిగి పనిచేసినవాడు. హుఫూఫ్ క్యాంపులో మా ఇద్దరివీ ఒకే గదిలో కింద మంచం, పై మంచం. పైన ఆయన. ఆయన పక్క మారినప్పుడల్లా ఇనుప మంచం కిర్రుమనేది. నిద్రలో కూడా డైవ్ కొడుతున్నాడని గదిలో వాళ్లు నవ్వేవాళ్లు.

ఆయన హుఫూఫ్ వచ్చేదాకా ఫుట్‌బాల్ ముట్టుకున్న మనిషి కాదు. ఊళ్లో కబడ్డీ ఆడేవాడు. సైటులో ఆయన పని ఇటుకలు అందుకోవడం. కింద నిలబడ్డ మనిషి చిన్న సిమెంటు ఇటుకను చేయి ఊపి పైకి విసురుతాడు. పరంజా మీద నిలబడ్డ మనిషి దాన్ని గాల్లోనే పట్టుకుని, వెనక్కి తిరిగి, గోడ కట్టే మేస్త్రీ పక్కన పెట్టి, మళ్లీ ఇటు తిరిగి "ఆఁ" అంటాడు. "ఆఁ" వినపడితేనే కింది మనిషి రెండోది విసరాలి. పద్ధతి అంతే. సేఫ్టీ వాళ్ల లెక్కలో అది తప్పు, ఇటుకలు గిలకతో ఎక్కించాలి. గిలకతో అయితే పొద్దుగూకినా పని తెమలదు. అందుకని సేఫ్టీ మనిషి కారు కనిపిస్తే గిలక, కారు వెళ్లిపోతే చేతులు. కింద విసిరేది నేను, పైన పట్టేది అన్న. ఆయన ఇటుక పడితే చప్పుడుండేది కాదు. వచ్చే ఇటుకతో పాటే చేతులు కొంచెం కిందికి తీసుకెళ్లి పట్టేవాడు, చంటిపిల్లను అందుకున్నట్టు.

మా సైటుకు తాగే నీళ్ల డబ్బాలు తెచ్చే మలయాళీ ఒకాయనకు క్యాంపు ఎదురుగా చిన్న కిరాణా కొట్టుండేది. మలయాళీల జట్టుకు కోచ్ ఆయనే. ఒకరోజు డబ్బా భుజాన పెట్టుకునే అలా నిలబడిపోయి అన్నను చూశాడు. డబ్బా దించడం కూడా మరిచిపోయాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "యే ఆద్మీ మేరేకో చాహియే" అన్నాడు, ఈ మనిషి నాకు కావాలని. ఆడేది వాళ్ల భాషలో సెవెన్స్, జట్టుకు ఏడుగురు. గోల్‌కీపర్‌ను వాళ్లు గోలీ అంటారు. మా వైపు గోలీ అంటే మాత్ర. ఆ పేరు క్యాంపులో పాకగానే మావాళ్లు, "అన్నా, తల నొస్తున్నది, జర రా" అని ఆటపట్టించడం మొదలుపెట్టారు.

మొదటి మ్యాచ్ నాకు బాగా గుర్తుంది. ఎదుటి జట్టు మనిషి గట్టిగా కొట్టాడు. అన్న గాల్లోకి లేచి బంతిని చప్పుడు లేకుండా పట్టేశాడు. గట్టు మీద కూర్చున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అన్న ఆ చప్పట్ల మధ్యే తాపీగా వెనక్కి తిరిగి, బంతిని తీసుకెళ్లి గోల్ గీతకు అవతల జాగ్రత్తగా కింద పెట్టి, ఇటు తిరిగి "ఆఁ" అన్నాడు.

గ్రౌండంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. కోచ్ తల మీద చేతులు పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అరే గోలీ! యే దీవార్ నహీ హై రే!" ఇది గోడ కాదురా అని.

"అలవాట్ల పొరపాటు," అన్నాడు అన్న తెలుగులోనే, నా వైపు చూసి. "తమ్మీ, జర నువ్వన్న చెప్పు ఆయనకు. ఎనక పెట్టొద్దని ముందుగాల ఎవ్వలు చెప్పలే."

ఆ జట్టు ఆ రోజు ఓడిపోయింది. అయినా కోచ్ ఆయన్ని వదల్లేదు. రెండు మూడు నెలల్లో హుఫూఫ్‌లో ఆయనను మించిన గోలీ లేడని వాళ్ల నోటితో వాళ్లే అన్నారు. మా కంపెనీ యజమాని కొడుక్కి ఫుట్‌బాల్ పిచ్చి. ఆయన ఒకసారి సౌదీలు వేసుకునే తెల్లటి పొడుగు తోబ్‌లోనే గ్రౌండుకొచ్చి అన్న భుజం తట్టి, జట్టుకంతా జెర్సీలు కుట్టించాడు. ఆ జెర్సీని అన్న ఉతికి తలగడ కింద మడతపెట్టి ఉంచేవాడు. ఇస్త్రీకి అదే పద్ధతి.

సాయంత్రాలు కోచ్ కొట్లో బియ్యం బస్తాల మీద కూర్చునేవాళ్లం. కోచ్ చదువుకున్నవాడు. ఫుట్‌బాల్ పాత సంగతులు ఆయనకు చాలా తెలుసు. నూరేళ్ల కింద ఇంగ్లండులో ఆడిన ఒక గోల్‌కీపర్ గురించి ఎక్కడో చదివానని, కొంచెం కొంచెంగా చెప్పేవాడు. ఆ మనిషి వారమంతా బొగ్గుగనిలో పనిచేసేవాడట. శనివారం మధ్యాహ్నం గనిలోంచి బయటికొచ్చి మొహం కడుక్కుని ఆడడానికి వెళ్లేవాడట. ఆ కాలంలో గోల్‌కీపర్ తన సగం గ్రౌండులో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టుకోవచ్చని కోచ్ చెప్పినప్పుడు అన్న బస్తా మీంచి లేచి నిలబడ్డాడు.

"సగం దాకనా? అట్లైతే నేను మిగిలిన ఆరుగుర్ని ఇంట్ల పండుకోమందును."

గనిలోంచి వచ్చినవాడని విన్నప్పటి నుంచీ అన్నకు ఆ ఇంగ్లీషు మనిషి చుట్టమైపోయాడు. మా బొగ్గుబాయి గోలీ అనేవాడు. అతనికి పెళ్లయిందా, ఏం తినేవాడు, గనిలో దెబ్బలు తగిలితే ఆటకెట్లా పోయేవాడు, అన్నీ కావాలి. కోచ్‌కు తెలిసింది చెప్పేవాడు, తెలియనిది తెలియదనేవాడు. పేరొచ్చాక పెద్ద జట్లు రమ్మన్నా, అతని కాగితం పాత క్లబ్బు దగ్గరే ఉండిపోయిందట. క్లబ్బు వదులుతూ సంతకం పెడితే తప్ప ఇంకో జట్టుకు ఆడడానికి లేదట. ఆడినా ఆడకపోయినా అంతేనట.

అన్న తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "ఇగో, ఇంగ్లీషోళ్లకు గూడ కఫీల్ ఉన్నడుర తమ్మీ!"

మా కాగితాలు గుప్పిట్లో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. కోచ్ కూడా చాలాసేపు నవ్వాడు. చివరికి ఆ మనిషి చేయి చెడి, ఆట పోయి, మళ్లీ గనిలోకే వెళ్లాడని చెప్పి ఆ కథ ముగించాడు. చేయి ఆటలో చెడిందా, గనిలో చెడిందా అని అన్న అడిగాడు. చదివినదాంట్లో అది రాయలేదన్నాడు కోచ్. అన్న గదికి నడిచి వస్తూ, "గది రాయకుంటె ఎట్లరా," అని తనలో తనే గొణుక్కున్నాడు.

తర్వాత నితాకత్ వచ్చింది. ఎంతమంది సౌదీలను పనిలో పెట్టుకున్నారో చూసి కంపెనీలకు రంగులు వేశారు. ఆకుపచ్చలో ఉంటే హాయి. పసుపైతే తిప్పలు. ఎరుపైతే పనివాళ్లకు ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. మాది పసుపులో ఉండేది, రేపో మాపో ఎరుపన్నారు. దాని మీద విదేశీ పనివాళ్లకు తలకింతని కంపెనీ నెలనెలా కట్టాల్సిన లెవీ వచ్చి పడింది. క్యాంపులో మంచాలు ఖాళీ కావడం మొదలైంది. పొద్దున లేస్తే ఎవరి పరుపు చుట్టి ఉందో చూసుకునేవాళ్లం. ఏదైనా యాక్సిడెంట్ రాసి ఉన్నవాళ్లు, సేఫ్టీ తప్పు చేసినవాళ్లు ముందు పోతారని ఆఫీసు నుంచి మాట వచ్చింది.

నాకు ఒక దారి దొరికింది. అదే ఊళ్లో ఏసీలు, ప్లంబింగు చూసే ఆకుపచ్చ కంపెనీ ఒకటి నన్ను తీసుకుంటానంది. దానికి మా కంపెనీ తనాజుల్ ఇవ్వాలి, అంటే మా మనిషిని వదులుకుంటున్నామని కాగితం. దాని మీద సంతకం ఆ వారంలో కావాలి. కాగితాల పని చూసే సౌదీ మందూబ్ ఎప్పుడు సైటుకొస్తాడా అని గేటు వైపే నా చూపు.

ఒక శనివారం పొద్దున్న అన్న పైన, నేను కింద. మేస్త్రీ నీళ్లు తాగడానికని గోడ అవతలికి వెళ్లాడు. అన్న ఇటుక పట్టి వెనక్కి తిరిగాడు. అప్పుడే గేటులోంచి మందూబ్ కారు వచ్చింది. నేను ఆ కారు వైపు చూస్తూనే, "ఆఁ" వినకుండానే చేతిలో ఉన్నది విసిరేశాను. చేయి అలవాటుకొద్దీ ఊగిపోయింది.

చప్పుడైంది. ఆయన చేతిలో ఇటుక చప్పుడు నేను విన్నది అదొక్కసారే. ఆయన ఎడమ చేయి పరంజా గొట్టాన్ని పట్టుకుని ఉంది. ఇటుక దాని మీద పడింది. రెండు వేళ్లు.

ఆయన అరవలేదు. కిందికి దిగి, మెడలోని తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. మొహం బూడిదలా ఉంది. నేను "అన్నా, అన్నా" అని అరుస్తున్నాను.

"సప్పుడు జేయకు," అన్నాడు. "ఇటుక అంటె ఇద్దరం పోతం. నీ కాయితం గూడ పోతది. నిన్న ప్రాక్టీసు అయినంక బంతి తగిలిందని చెప్త. పొద్దుగాల వాచిందని అంట. సేట్ కొడుక్కు మనం ఆడుతమని తెలుసు గద. ఆట దెబ్బకు ఆయనేం అనడు."

అది ఆయన లెక్క. ఫుట్‌బాల్ దెబ్బంటే యజమాని కొడుకు మురిసిపోతాడని, నెల రోజులు గదిలో కూర్చోబెట్టి అన్నం పెడతారని నమ్మాడు. నేనూ నమ్మాను. నమ్మడం నాకు చాలా సుఖంగా ఉండింది.

మందూబ్ నన్ను పిలిచి, కాగితం మీద నా వేలిముద్ర వేయించుకుని వెళ్లాడు. నా వేళ్లు బాగానే ఉన్నాయి.

యజమాని కొడుకు నిజంగానే వచ్చాడు. కట్టు చూశాడు, పాపం అన్నాడు, అన్నను పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగాడు. ఆఫీసులో ముదీర్, అంటే మేనేజర్, లెక్క మాత్రం వేరు. పనిలో తగిలిన దెబ్బయితే బీమా చూసుకునేది, నయమయ్యేదాకా పంపడం అంత తేలిక కాదు. ఆటలో తగిలిన దెబ్బ ఆయన సొంత వ్యవహారం. పని చేయలేని మనిషి మీద లెవీ ఎందుకు కట్టాలి? ఎగ్జిట్ కొట్టారు.

ఆ కబురు వచ్చిన రోజున నేను ఆఫీసుకు వెళ్లి నిజం చెప్పి ఉంటే సరిపోయేది. నా తనాజుల్ అప్పటికింకా ఆఫీసు బల్ల మీదే ఉంది. గది తలుపు దాకా వెళ్లాను. చెప్పులు వేసుకున్నాను. మళ్లీ విప్పాను. అన్న పై మంచం మీంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి, "తమ్మీ, చాయ్ పెట్టరాదు," అన్నాడు.

జట్టు వాళ్లు వేరే నొప్పి పెట్టారు. గ్రౌండులో ఒక పక్క కంకర తేలి ఉండేది. అటు ఎవ్వరూ దూకొద్దని కోచ్ కట్టడి. బంతి ఒక్కటే వేళ్లు విరగ్గొట్టదని, ప్రాక్టీసు అయ్యాక గట్టు మీది జనం ముందు గొప్పకు పోయి, టోర్నమెంటు ముందర ఆ మాట మీరి రాళ్ల వైపు దూకి ఉంటాడని వాళ్లనుకున్నారు. కోచ్ గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడి అడిగాడు.

"పత్థర్ కీ తరఫ్ మత్ కూదో బోలా థా నా? మేరీ బాత్ కీ ఇజ్జత్ నహీ?" రాళ్ల వైపు దూకొద్దన్నానా, నా మాటకు విలువ లేదా అని.

"గలతీ హో గయా, కోచ్," అన్నాడు అన్న తల వంచుకుని.

నేను అదే గదిలో స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను.

ఎయిర్‌పోర్టు వ్యాను ఎక్కే రోజు జట్టు వాళ్లెవరూ రాలేదు. ఆయన బ్యాగు నేనే మోశాను. జెర్సీ జట్టుదని, మడతపెట్టి కోచ్‌కు ఇమ్మని నా చేతిలో పెట్టాడు. వ్యాను కదిలాక కిటికీలోంచి మంచి చేయి ఊపాడు.

నేను కొత్త కంపెనీలో చేరాను. హుఫూఫ్‌లోనే ఉండిపోయాను. శుక్రవారాలు గ్రౌండుకు వెళ్లి గట్టు మీద కూర్చునే అలవాటు పోలేదు. ఒకసారి మలయాళీ పిల్లలకు జట్టు కెప్టెన్ ఆ పాత గోలీ కథ చెబుతున్నాడు. చెప్పి, నా వైపు తిరిగి, "ఈయన అతని రూమ్మేటే, అడగండి. అంతే కదా భాయ్?" అన్నాడు.

నేను తల ఊపాను.

విసిరిన చేయి పొరపాటు చేసింది అని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఆ తలూపుకు మాత్రం ఏ సర్దుబాటూ దొరకలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకరోజు మంగలి షాపులో మా వైపు మనిషి ఒకడు కలిసి, అన్న మళ్లీ వచ్చాడని చెప్పాడు. కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీలో, ఆయిల్ ఫీల్డు పనివాళ్ల మెస్సులో వంటపని. ఫోన్ నంబరు ఇచ్చాడు. చేతిలో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఫోన్లో చెప్పే మాట కాదనుకుని, సెలవు రోజు షేరింగ్ కారెక్కి ఖఫ్జీ వెళ్లాను.

మెస్సు వెనక వంటగది తలుపు దగ్గర ఆయనే ఎదురొచ్చాడు. జుట్టు సగం తెల్లబడింది, పొట్ట వచ్చింది.

"ఓరి నీ! తమ్మీ! గిట్ల బక్కగైనవేంది, గా కంపెనోడు తిండి పెడ్తలేడా?" అని మెడ చుట్టూ చేయి వేసి లోపలికి లాక్కెళ్లాడు. కుర్చీ లేక నూనె డబ్బా బోర్లించి కూర్చోబెట్టాడు. తిను ముందు, మాటలు తర్వాత అన్నాడు. నాకోసం విడిగా పచ్చిపులుసు చేశాడు. ఉల్లిపాయలు తరుగుతుంటే చూశాను. ఎడమ చేతి రెండు వేళ్లు ముడుచుకోవు. వాటిని పైకి అలా నిలబెట్టే, మిగతా వేళ్లతో ఉల్లిపాయను అదిమిపెడుతున్నాడు.

"అన్నా, నేను ఆ ఇటుక..." అన్నాను.

"గిప్పుడు గదెందుకురా," అన్నాడు తల ఎత్తకుండా. "పండుకున్నప్పుడు గూడ యాదికి రాదు నాకు. చెయ్యి జారింది, అయిపోయింది. నువ్వేమన్న కావాలని కొట్టినవా? నేనే గద బంతి అన్నది."

అక్కడితో ఆగి అన్నం తిని వెళ్లిపోవచ్చు. ఆయన ఎప్పుడో క్షమించేశాడు. కానీ ఆయనకు తెలియనిది ఇంకొకటి ఉంది. కెప్టెన్ అడగడం, నేను తల ఊపడం చెప్పాను. ఆ కథ ఇప్పటికీ అక్కడ చెబుతారని కూడా చెప్పాను.

కత్తి ఆగింది.

"ఊపినవా?" అన్నాడు.

"ఊపిన అన్నా."

ఆయన తరిగిన ఉల్లిపాయలు గిన్నెలోకి తోశాడు. ఇంకోటి తీసుకున్నాడు, తరగలేదు.

"వేళ్లు పోతె పోనీ," అన్నాడు చివరికి. "కొలువు పోతె మళ్ల దొరికింది. కని తమ్మీ, నేను రాళ్ల మీద దుంకలేదురా. కోచ్ వద్దన్న దిక్కు ఒక్కనాడు గూడ దుంకలేదు. నేను వచ్చింది ఇటుకలు మొయ్యనీకి. గీడ నాకు పేరంటె గదొక్కటే ఉండె, మంచి గోలీ అని. నా నోటితోటి ఒక అబద్ధం చెప్పిన, నీకోసం. దాన్ని నువ్వు గిన్నేండ్లు నిలబెడ్తవని అనుకోలే."

నేను ఆయన మోకాలి మీద చేయి వేశాను. ఆయన తీసేయలేదు.

"నాకు చెప్తె ఏమొస్తది? నాకు ఎరుకే గద. గీ మాట కోచ్‌కు చెప్పు," అన్నాడు. తర్వాత కంచం నా ముందుకు జరిపి, "తిను, సల్లారుతది," అన్నాడు.

కోచ్‌కు కూడా అప్పటికి హుఫూఫ్‌లో ఉండే రోజులు అయిపోవచ్చాయి. భార్యాపిల్లల మీద కూడా లెవీ వేసినప్పుడు వాళ్లను ముందే ఊరికి పంపేశాడు. తర్వాత కొట్టు కూడా నిలబడలేదు. నేను ఖఫ్జీ నుంచి వచ్చిన మరుసటి శుక్రవారమే జట్టు వాళ్లు గ్రౌండులో ఆయనకు వీడ్కోలు పెట్టుకున్నారు. ఆట అయ్యాక చాప పరిచి చాయ్, అరటికాయ చిప్స్ పెట్టారు. ఒక్కొక్కరూ లేచి కోచ్ గురించి నాలుగు మాటలు చెబుతున్నారు. కెప్టెన్ నవ్వుతూ, "తెలంగాణ భాయ్, నువ్వూ చెప్పు," అన్నాడు.

లేచాను. నా హిందీ అంతంతమాత్రం. రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. అందుకని జరిగింది జరిగినట్టే చెప్పాను. ఆ పాత గోలీ రాళ్ల మీద దూకలేదు. కోచ్ మాట దాటలేదు. ఇటుక విసిరింది నేను. నా కాగితం కోసం ఆయన మీ ముందు తల వంచాడు. మీరు నన్నడిగినప్పుడు నేను తల ఊపాను.

చిప్స్ తింటున్నవాడు నమలడం ఆపాడు. కెప్టెన్ చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. కోచ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"మైనే ఉస్కో దర్వాజే పే ఖడే హోకే డాంటా," అన్నాడు మెల్లగా. తలుపు దగ్గర నిలబడి అతన్ని తిట్టాను అని. తర్వాత నా వైపు చూశాడు. "ముఝే క్యా బోల్తా హై? ఉస్కో మాఫీ బోలా క్యా?" నాకెందుకు చెబుతావు, అతన్ని క్షమించమని అడిగావా అని.

అప్పుడు తట్టింది నాకు. ఖఫ్జీలో నూనె డబ్బా మీద కూర్చుని అంతా చెప్పాను, అడగాల్సిన ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. ఫోన్ తీసి అక్కడే కలిపాను. మెస్సులో గిన్నెల మోత వినపడుతోంది.

"చెప్పు తమ్మీ," అన్నాడు.

"అన్నా, గ్రౌండుల ఉన్న. కోచ్ ఈన్నే ఉన్నడు, అందరున్నరు. అందరికి చెప్పిన." అవతల గిన్నెల మోత ఆగింది. "అన్నా, ఇటుక తప్పు నాదే. సప్పుడు చెయ్యకుంట ఉన్నది నాదే తప్పు. తల ఊపింది అన్నిటికన్న పెద్ద తప్పు. నీ పేరు నేను పాడు చేసిన. నన్ను మాఫ్ చెయ్యే అన్నా."